కావ్యజ్ఞశిక్ష నుంచి కథాశిల్పం దాకా: నల్లగొండ, పాలమూరు కథకులకు అందిన సలహా – దాని విలువ నిర్ణయం

వ్యాస సంగ్రహం:

కథ, నవల రాయదలచిన వారికి సలహా ఎక్కడ దొరుకుతుంది, దొరికిన దానిలో పనికివచ్చేదేదో ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్నను దక్షిణ తెలంగాణలోని ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సాహిత్య చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అలంకారశాస్త్రంలోని శిక్షా సంప్రదాయం, సంస్థానాల్లో కవిపరీక్ష, పత్రికా సంపాదకత్వం, గ్రంథమాల, జైలు జీవితం, మాండలిక రచన, ఆధునిక శిల్పగ్రంథాలు ఇందులో చర్చకు వస్తాయి. సురవరం ప్రతాపరెడ్డి, వట్టికోట ఆళ్వారుస్వామి, పాకాల యశోదారెడ్డి రచనా జీవితాలు ప్రధానాధారాలు. రచయితను తన పాఠం వద్దకూ తన ప్రాంతం వద్దకూ మళ్లీ పంపగలిగిన సలహాయే ఉపయోగకరమైనదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కథారచన, కావ్యజ్ఞశిక్ష, భావకుడు, గోలకొండ పత్రిక, దేశోద్ధారక గ్రంథమాల, పాలమూరు మాండలికం, కథాశిల్పం.

1. ఉపోద్ఘాతం:

పద్యం నేర్చుకునేవాడికి ఛందస్సు ఉంది, వ్యాకరణం ఉంది, తప్పు చూపే గురువు ఉన్నాడు. కథ నేర్చుకునేవాడికి అటువంటి నిర్దిష్టమైన ఏర్పాటు లేదు. గణం తప్పితే చెవి పట్టిస్తుంది. కథ తప్పితే ఎక్కడ తప్పిందో చెప్పడం చదివినవాడికీ కష్టమే. అందువల్లనే కథారచన విషయంలో సలహాలు ఎక్కువగానూ, వాటిని పరీక్షించే సాధనాలు తక్కువగానూ ఉంటాయి. ‘క్లుప్తంగా రాయండి’ అని ఒకరు, ‘వివరంగా రాయండి’ అని మరొకరు అంటారు. ‘మీ ఊరి భాషలో రాయండి’, ‘అందరికీ అర్థమయ్యే భాషలో రాయండి’ అన్న రెండు మాటలూ ఒకే రచయితకు ఒకే ఏడాదిలో వినిపించవచ్చు.

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో ఈ సమస్యకు మరొక ముఖం ఉంది. నిజాం పాలనలో రాజభాష, ఉన్నత విద్యాభాష ఉర్దూ. తెలుగు బడులు తక్కువ. సభ జరపాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలని శాసించే గస్తీ నిషాన్ 53 అమలులో ఉండేది. ప్రధాన ప్రచురణ కేంద్రాలు చాలాకాలం మద్రాసు, బెజవాడ, రాజమండ్రి. కాబట్టి కథ రాయడంపై తెలుగులో వచ్చిన సలహాలో ఎక్కువ భాగం వేరే పాలన, వేరే బడి, వేరే పలుకుబడి ఉన్న ప్రాంతం నుంచి ఈ జిల్లాలకు చేరింది. దాన్ని యథాతథంగా స్వీకరిస్తే సొంత గొంతు పోతుంది. పూర్తిగా తిరస్కరిస్తే వృత్తి పట్టుబడదు. ఈ రెండు ప్రమాదాల మధ్య ఇక్కడి రచయితలు నడిచిన దారే ఈ వ్యాసానికి విషయం. 2016లో జరిగిన పునర్విభజనకు పూర్వపు ఉమ్మడి జిల్లాల పరిధినే ఇక్కడ ప్రమాణంగా తీసుకోవడం జరిగింది.

2. సంప్రదాయంలో సలహాకు ఉన్న స్థానం:

రచన నేర్పితే వచ్చేది కాదన్న అభిప్రాయం లోకంలో బలంగా ఉన్నా, భారతీయ అలంకారశాస్త్రం దానిని పూర్తిగా అంగీకరించలేదు. దండి సహజప్రతిభతో పాటు నిర్మలమైన పాండిత్యాన్నీ, ఎడతెగని సాధననూ కావ్యహేతువులుగా చెప్పాడు. మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడింటినీ చెబుతూ, ఆ అభ్యాసం కావ్యజ్ఞుల శిక్షతో జరగాలన్నాడు. ఇక్కడ ‘కావ్యజ్ఞుడు’ అన్న మాట గమనింపదగినది. సలహా ఎవరైనా ఇవ్వవచ్చు. శిక్ష ఇవ్వడానికి మాత్రం ఆ విద్య తెలిసి ఉండాలి.

క్షేమేంద్రుడు ‘కవికంఠాభరణం’లో శిష్యులను అల్పప్రయత్నసాధ్యుడు, కృచ్ఛ్రసాధ్యుడు, అసాధ్యుడు అని విభజించాడు. ఒకే సలహా అందరికీ సరిపోదన్న ఎరుక ఈ విభజనలో ఉంది. రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో మరో అడుగు ముందుకు వేసి, చదివి విలువకట్టే భావకులను నాలుగు విధాలుగా చెప్పాడు. ఏదీ రుచించనివాడు అరోచకి. గడ్డితో సహా మేసినట్టు అన్నింటినీ మెచ్చుకొనేవాడు సతృణాభ్యవహారి. అసూయతో చూసేవాడు మత్సరి. రచనలోని తత్త్వాన్ని పట్టుకోగలవాడు తత్త్వాభినివేశి. ఈ చివరివాడు అరుదు.

వెయ్యేళ్ల కిందటి ఈ వర్గీకరణ నేటి కథకుడికీ పనికివస్తుంది. తన కథ చదివి అభిప్రాయం చెప్పినవారు ఈ నలుగురిలో ఎవరో గుర్తించగలిగితే ఆ అభిప్రాయాన్ని ఎంత మేరకు లెక్కలోకి తీసుకోవాలో తెలుస్తుంది. అరోచకి చెప్పిన దోషం కథలోనిదా, అతని రుచిలోనిదా అని విచారించాలి. సతృణాభ్యవహారి మెప్పు మనసుకు హాయినిస్తుంది గాని, తరువాతి ప్రతికి ఏమీ ఇవ్వదు. మత్సరి మాటలో కూడా అప్పుడప్పుడు నిజమైన దోషం కనిపిస్తుంది కాబట్టి దానిని వినకుండా తోసివేయరాదు.

3. సంస్థానాల పరీక్ష – వచనానికి లేని గురుపీఠం:

పాలమూరు ప్రాంతంలో ఈ శిక్షా సంప్రదాయం పుస్తకాలకే పరిమితమై ఉండలేదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు పండితులను పిలిచి, పరీక్షించి, సత్కరించాయి. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న పేరు వచ్చింది. తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాలను దర్శించి అవధానాలు చేశారు. సమస్యాపూరణం, ఆశువు, శాస్త్రచర్చ అక్కడి పరీక్షా విధానాలు. పరీక్షించేవారు ఆ విద్య తెలిసినవారు, పరీక్ష బహిరంగంగా జరిగేది, ఫలితం అక్కడికక్కడే తేలేది. కావ్యజ్ఞశిక్షకు ఇంతకంటె స్పష్టమైన సామాజిక రూపం ఉండదు.

అయితే ఆ పరీక్ష పద్యానికీ శాస్త్రానికీ సంబంధించినది. పల్లెలోని పటేలు, పట్వారీ, వెట్టిచాకిరి చేసే మనిషి వచనంలో పాత్రలుగా ప్రవేశించేనాటికి వారిని ఎలా చిత్రించాలో చెప్పగల పీఠం ఆ సభల్లో లేదు. సంస్థానాలు పోషించిన విద్యకు పరీక్షకుడున్నాడు. కొత్తగా పుట్టిన కథకు లేడు. ఆ ఖాళీని తరువాత పూరించినవి ముద్రణాలయం, పత్రిక, గ్రంథాలయం.

4. పోటీలు, పత్రికలు – సంపాదకుడే శిక్షకుడు:

నిజాం రాజ్యం మధ్య ద్వీపంలా ఉండి, బ్రిటిషు పాలనలోని కృష్ణా జిల్లాకు చెంది, తరువాత నల్లగొండ జిల్లాలో కలిసిన మునగాల పరగణాకు ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. ఆ సంస్థానపు దివాను కొమర్రాజు లక్ష్మణరావు, రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు ప్రభృతుల కృషితో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడ్డాయి. లక్ష్మణరావు సోదరి భండారు అచ్చమాంబ 1902లో ‘హిందూ సుందరి’ పత్రికలో ప్రకటించిన ‘ధనత్రయోదశి’ తెలుగు కథానిక ఆవిర్భావ చర్చలో తప్పక ప్రస్తావనకు వచ్చే రచన.

విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్ర, చరిత్ర గ్రంథాలతో పాటు నవలలను కూడా ప్రచురించింది, చారిత్రక నవలలకు పోటీలు నిర్వహించింది. కేతవరపు వేంకటశాస్త్రి ‘రాయచూరు యుద్ధం’ ఆ మండలి ప్రచురించిన నవలల్లో ఒకటి. పోటీ నియమం కూడా ఒక సలహాయే. చరిత్రలోని వీరగాథ నవలకు తగిన వస్తువని అది రచయితలకు చెప్పకనే చెప్పింది. దానివల్ల పరిశోధనాదృష్టి గల నవలాకారులు తయారయ్యారు. అదే సమయంలో రాయచూరు యుద్ధం నాటి కృష్ణా, తుంగభద్రల మధ్యభూమి నవలకెక్కింది గాని, అదే భూమిని నేడు దున్నుతున్న రైతు ఇంకా వస్తువు కాలేదు. ఒక సలహా ఏమి చేయమంటున్నదో చూడడంతో పాటు, ఏమి చేయనవసరం లేదంటున్నదో కూడా చూడాలని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు సంపాదకత్వంలో ‘నీలగిరి పత్రిక’ వెలువడింది. 1926 మే 10న ‘గోలకొండ పత్రిక’ ప్రారంభమైంది. దాని సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) గద్వాల ప్రాంతంలోని ఇటికాలపాడు వారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో ఆయన 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు. సాధారణంగా దీనిని ఆత్మగౌరవ ప్రకటనగా పేర్కొంటారు. సలహా చరిత్ర దృష్టితో చూస్తే ఇందులో మరొక పాఠం ఉంది. ‘మీ ప్రాంతంలో రచయితలు లేరు’ అన్నది విమర్శలా కనిపించినా, దాన్ని పరీక్షించవచ్చు. ప్రతాపరెడ్డి దానికి ఆవేశంతో కాక సేకరణతో జవాబు చెప్పారు. ఊరూరికీ విన్నపం పంపి, వచ్చిన రచనలను అచ్చువేసి, పాఠకుడి ముందు ఉంచారు. ఒక అభిప్రాయాన్ని ఆధారాలతో తూచడం ఎలాగో ఈ సంచిక చూపింది.

కథకుడిగా ప్రతాపరెడ్డి చేసిన పని కూడా పరిశీలనార్హం. ‘మొగలాయి కథలు’గా పేరుపొందిన రచనల్లో ఆయన నిజాం కాలపు అధికారుల తీరును, లంచగొండితనాన్ని వ్యంగ్యంగా చిత్రించారు. ‘గ్యారా కద్దూ బారా కొత్వాల్’ అన్న శీర్షికలోనే ఆ కాలపు జనం నోటి మాట, ఉర్దూ కలిసిన పలుకు, లెక్క కుదరని పాలన మూడూ ఉన్నాయి. ఉన్నవి పదకొండు గుమ్మడికాయలు, పంచుకోవడానికి వచ్చిన కొత్వాళ్లు పన్నెండుగురు. ఈ శీర్షికను శుద్ధమైన తెలుగులోకి మార్చమని ఎవరైనా సలహా ఇచ్చి ఉంటే, భాష శుద్ధి అయ్యేది గాని వ్యంగ్యం మిగిలేది కాదు. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) రాయగల పండితుడికి ఆ మాటకు బదులు మరో మాట దొరకక కాదు. ఆ మాటే అక్కడ సరైనదని గుర్తించడం వల్లనే దానిని నిలిపారు.

5. వట్టికోట ఆళ్వారుస్వామి – అచ్చుప్రతి, పుస్తకాల మూట, జైలు:

నల్లగొండ జిల్లా నకిరేకల్ ప్రాంతంలోని చెర్వుమాదారంలో 1915లో జన్మించిన వట్టికోట ఆళ్వారుస్వామికి క్రమమైన చదువు లేదు. ఇళ్లలో వంటపని చేస్తూ, హోటల్లో పనిచేస్తూ అక్షరం సంపాదించుకున్నారు. గోలకొండ పత్రికలో ప్రూఫ్‌రీడరుగా పనిచేశారు. ప్రూఫ్ దిద్దేవాడు ఇతరుల వాక్యాన్ని అక్షరం అక్షరంగా చదవాలి. ఎక్కడ పదం తప్పిందో, ఎక్కడ వాక్యం తడబడిందో అతనికి తెలియాలి. కథారచనకు ఇది ఎవరూ పాఠ్యాంశంగా పెట్టని శిక్షణ.

1938లో ఆయన స్థాపించిన దేశోద్ధారక గ్రంథమాల రెండవ పాఠశాల. పుస్తకాలను స్వయంగా మోసుకొని ఊళ్లకు వెళ్లి అమ్మిన ప్రచురణకర్తకు పాఠకుడు ఊహాజీవి కాడు. ఏ పుస్తకం ముందు మనిషి ఆగుతాడో, దేనిని తిరగేసి పక్కన పెడతాడో కళ్లముందు కనిపిస్తుంది. ‘పాఠకుడిని దృష్టిలో పెట్టుకొని రాయండి’ అన్న సలహా తరచుగా వినిపిస్తుంది. పాఠకుడిని చూసినవాడికి ఆ సలహాలో అర్థం ఉంటుంది. చూడనివాడు ఆ పేరుతో తన అలవాటునే పాఠకుడిగా భావించుకొనే ప్రమాదం ఉంది. ఆంధ్రమహాసభ కార్యకర్తగా కూడా ఆయన ఈ పల్లె మనుషుల మధ్య తిరిగారు. 1931లో దేవరకొండ, 1936లో షాద్‌నగర్, 1941లో చిలుకూరు, 1944లో భువనగిరి సభలతో ఆ ఉద్యమం ఈ రెండు జిల్లాల్లో బలంగా పాదుకొన్నది.

మూడవ పాఠశాల జైలు. ‘జైలులోపల’ కథల్లో ఆయన తోటి ఖైదీల జీవితాలను తీసుకున్నారు. రాజకీయ ఖైదీ తన త్యాగాన్ని కథగా చెప్పుకొనే వీలున్న చోట, సాధారణ నేరాలపై వచ్చిన మనుషుల వైపు దృష్టి మళ్లించారు. ‘తెలిసినదానినే రాయండి’ అన్న ప్రసిద్ధ సలహాకు ఇది మంచి వ్యాఖ్యానం. తెలిసినదంటే తనకు జరిగినది మాత్రమే అని అర్థం చేసుకొంటే రచన ఆత్మకథ దగ్గర ఆగిపోతుంది. పక్కనున్నవాడిని తెలుసుకొనే దాకా కూర్చోవడం కూడా ఆ సలహాలో భాగమని ఆళ్వారుస్వామి కథలు చూపుతాయి.

ఆయన ‘ప్రజల మనిషి’ని తొలి తెలంగాణ నవలగా విమర్శకులు గౌరవించారు. కంఠీరవం కథానాయకుడుగా నడిచే ఈ నవలలో దేశముఖు దౌర్జన్యం, వెట్టి, మతమార్పిడి, గ్రంథాలయోద్యమం, ఆంధ్రమహాసభ చైతన్యం ఒక పల్లె చుట్టూ అల్లుకొంటాయి. దీని కొనసాగింపుగా రాసిన ‘గంగు’ 1961లో ఆయన మరణించిన తరువాత వెలుగుచూసింది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో 1842లో హాథార్న్ కథలను సమీక్షిస్తూ, చిన్నకథలోని ప్రతి మాటా ముందుగా అనుకొన్న ఒకే ప్రభావానికి దోహదం చేయాలన్నాడు. తెలుగులో కథాశిల్ప చర్చలోకి ‘ఏకాంశవ్యగ్రత’, ‘ప్రభావైక్యం’ వంటి మాటలుగా ఈ భావన ప్రవేశించింది. దీనితో ‘ప్రజల మనిషి’ని కొలిస్తే అందులోని చర్చలు, సభలు, ఊరి తగాదాలు అనవసరమని తోచవచ్చు. అయితే ఆ సూత్రం పుట్టింది ఒక్క కూర్చోవడంలో చదివి ముగించే కథ కోసం. ఒక ఊరు మొత్తం మేలుకొన్న తీరును నమోదు చేసే నవల కోసం కాదు. సూత్రం తప్పు కాదు, దాన్ని వర్తింపజేసిన చోటు తప్పు. ఏ సలహా ఏ ప్రక్రియ నుంచి పుట్టిందో తెలుసుకోకుండా దాన్ని స్వీకరించరాదనడానికి ఇది నిదర్శనం.

6. పాకాల యశోదారెడ్డి – భాషపై వచ్చిన సలహా:

పాలమూరు జిల్లా బిజినపల్లిలో 1929లో జన్మించిన పాకాల యశోదారెడ్డి తెలుగులో హరివంశాలపై పరిశోధన చేసిన పండితురాలు, ఆచార్యురాలు. 1973లో వెలువడిన ఆమె ‘మా ఊరి ముచ్చట్లు’ పాలమూరు పల్లె పలుకుబడిలో సాగుతుంది. తరువాతి ‘ఎచ్చమ్మ కథలు’ కూడా ఆ నుడికారానికే చెందినవి. ప్రాచీన కావ్యభాషపై అధికారం ఉన్న రచయిత్రి ఊరి భాషను ఎంచుకొన్నదంటే, అది ప్రామాణిక భాష చేతకాక చేసిన పని కాదని స్పష్టం. ఆ ఎంపికలో భాషాజ్ఞానమే ఉంది.

ఈ ప్రాంత రచయితలకు ఎక్కువగా ఎదురైన సలహా భాషకు సంబంధించినదే. పాత్రల సంభాషణలో మాండలికం వాడుకొని, కథనాన్ని శిష్టవ్యవహారికంలో నడపమనడం అందులో మధ్యేమార్గం. దీనిని తూచడానికి ఉదాహరణ కోసం కల్పించిన రెండు వాక్యాలను పక్కపక్కన ఉంచి చూడవచ్చు. ‘అతను వచ్చేవరకు ఆమె మంచినీళ్లు కూడా తాగలేదు’ అన్నది ఒకటి. ‘ఆయన ఒచ్చిందాంక నీళ్లు సుత ముట్టలె’ అన్నది మరొకటి. మొదటి వాక్యం సమాచారం ఇస్తుంది. రెండవదానిలో ‘ఆయన’ అన్న మాట భార్యాభర్తల సంబంధాన్ని సూచిస్తుంది, ‘ముట్టలె’ అన్న క్రియ దీక్షనూ అలకనూ ఒకేసారి ధ్వనిస్తుంది, కర్త లేకపోవడం వినేవారికి ఆమె ముందే తెలుసునన్న చనువును కలిగిస్తుంది. ఇక్కడ మారినది అక్షరాల రూపం ఒక్కటే కాదు, కథ చెప్పే మనిషే మారిపోయింది. కాబట్టి ‘భాష మార్చండి’ అన్న సలహా నిజానికి ‘కథకుడిని మార్చండి’ అన్న సలహా. దాన్ని భాషా విషయంగానే తీసుకొని ఒప్పుకోవడం రచయితకు నష్టం కలిగిస్తుంది.

పదాల మార్పిడికీ ఇదే వర్తిస్తుంది. తెలంగాణ గ్రామంలో మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ అన్న మూడు వతనులు ఉండేవి. శిస్తు వసూలు ఒకరిది, శాంతిభద్రతలు ఒకరివి, లెక్కలు ఒకరివి. కోస్తా పాఠకుడికి సులువుగా ఉంటుందని పట్వారీని ‘కరణం’గా మారిస్తే లెక్కలు రాసే మనిషి దొరుకుతాడు గాని, అతని చుట్టూ ఉన్న అధికారపు అల్లిక జారిపోతుంది.

అయినా మాండలికం తనంతట తానే గుణం కాదు. ఊరి మాటలను చల్లినంత మాత్రాన కథ ఊరిది కాదు. యశోదారెడ్డి కథల్లో పలుకుబడి పాత్ర స్వభావాన్ని, ఆచారాన్ని, హాస్యాన్ని మోస్తుంది. ఆ పని చేయని చోట మాండలికం వేషంగా మిగులుతుంది. ‘మీ భాషలోనే రాయండి’ అన్న నేటి సలహాను కూడా ఇదే గీటురాయిపై పెట్టాలి. పాత అవమానానికి ప్రతిగా వచ్చిందన్న కారణంతో ఏ సలహాకూ పరీక్ష నుంచి మినహాయింపు ఉండదు.

7. శిల్పగ్రంథాలు – వాటి మేలు, వాటి పరిధి:

ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధం నాటికి కథారచనపై తెలుగులో పుస్తకాలు సమకూరాయి. శ్రీకాకుళ ప్రాంత కథకుడు కాళీపట్నం రామారావు ‘కథాకథనం’, చిత్తూరు జిల్లా విమర్శకుడు వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’, ‘నవలాశిల్పం’, జగిత్యాలకు చెందిన బి.ఎస్. రాములు ‘కథల బడి’ వీటిలో పేర్కొనదగినవి. ‘కథాశిల్పం’ 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. ఆంగ్లంలో పెర్సీ లబ్బక్ (1921), ఇ.ఎం. ఫార్‌స్టర్ (1927) నవలపై చేసిన విశ్లేషణల ద్వారా ప్రచారంలోకి వచ్చిన దృష్టికోణం, పాత్రచిత్రణ వంటి విషయాలు తెలుగు విమర్శలో కూడా చర్చకు వచ్చాయి.

ఈ గ్రంథాల ప్రధాన ప్రయోజనం పేర్లు పెట్టడం. కథ ఎక్కడో కుంటుతున్నదని రచయితకు తోచినప్పుడు, అది దృష్టికోణం మారడం వల్లనా, కాలక్రమం చెదరడం వల్లనా, ముగింపును రచయిత తానే వ్యాఖ్యానించడం వల్లనా అని విడదీసి చూసుకోవడానికి పరిభాష సాయపడుతుంది. వైద్యుడికి రోగం పేరు తెలియడం వంటిదిది. పేరు తెలిసినంతనే రోగం నయం కాదు. పేరు తెలియకపోతే మందు వెతకడం కష్టం.

వీటి పరిధి కూడా స్పష్టమే. శిల్పగ్రంథం ఉదాహరణలతో నడుస్తుంది. ఉదాహరణలు అందుబాటులో ఉన్న కథల నుంచే వస్తాయి. అచ్చులో దొరకని కథ ఉదాహరణ కాలేదు. తొలితరం తెలంగాణ కథలు పాత పత్రికల్లో మరుగున పడి ఉన్నంతకాలం ‘ముందుతరం కథలు చదవండి’ అన్న ఉత్తమమైన సలహా కూడా ఈ జిల్లాల రచయితకు సగమే ఉపయోగపడింది. చదవడానికి దొరికిన ముందుతరం మరొక ప్రాంతానిది. నల్లగొండ జిల్లాకు చెందిన ముదిగంటి సుజాతారెడ్డి, సంగిశెట్టి శ్రీనివాస్ వంటివారు తొలినాటి తెలంగాణ కథలను వెలికితీసి సంకలనాలుగా తెచ్చిన పనికి అందువల్లనే రెండు విలువలున్నాయి. అది చరిత్ర నిర్మాణం, కొత్త కథకులకు పాఠ్యసామగ్రి కూడా. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో ప్రారంభమైన కథానిలయం తెలుగు కథలన్నింటి విషయంలో ఇదే మేలు చేసింది. నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన దళిత రచయిత బోయ జంగయ్య వంటివారి కథలు, నవలలు ఆ పాఠ్యసామగ్రిని సామాజికంగా కూడా విస్తరింపజేశాయి.

సభలకు కూడా ఇందులో పాత్ర ఉంది. 1953లో ఆలంపురంలో గడియారం రామకృష్ణశర్మ పూనికతో జరిగిన సాహిత్య సభలు తెలంగాణ రచయితలను ఒకచోట చేర్చాయి. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ అక్కడే ఆవిష్కరించారు. సంస్థానపు సభలో కవి ప్రభువు ఎదుట నిలబడ్డాడు. ఆలంపురంలో రచయిత తోటి రచయితల ఎదుట నిలబడ్డాడు. తీర్పు చెప్పే స్థానం రాజాస్థానం నుంచి సహరచయితల బృందానికి మారిన ఈ పరిణామం, పాలమూరు నేల మీద అర్ధశతాబ్ది లోపలే జరిగింది.

8. సలహాను తూచే ప్రమాణాలు:

పై చరిత్ర నుంచి నాలుగు ప్రమాణాలను రాబట్టవచ్చు.

మొదటిది, సలహా చెప్పినవారి అర్హత. వారు స్వయంగా గొప్ప కథకులు కానక్కరలేదు. రచయిత ఏ తరహా కథ రాస్తున్నాడో ఆ తరహా కథలను ప్రీతితో చదివినవారై ఉండాలి. రాజశేఖరుడి నలుగురు భావకుల్లో వారెవరో నిర్ణయించుకోవడం ఇందులో భాగం.

రెండవది, సలహా పుట్టిన చోటు. అది ఏ ప్రక్రియకు, ఏ కాలానికి, ఏ పాఠకులకు సంబంధించినదో తెలియాలి. పోటీ నియమం, పత్రిక పేజీల పరిమితి, చిన్నకథా సూత్రం వాటి వాటి చోట్ల సరైనవే. వాటిని సార్వకాలిక ధర్మాలుగా భావించినప్పుడు చిక్కు వస్తుంది.

మూడవది, పాఠంలో చూపగలగడం. ‘కథలో జీవం లేదు’ అన్నది అభిప్రాయం. ‘తల్లి చనిపోయిందని మూడవ పేరాలో చెప్పారు, ఆరవ పేరాలో కొడుకు మొదటిసారి విన్నట్టు ప్రవర్తిస్తున్నాడు’ అన్నది సలహా. రెండవదానిని రచయిత తన ప్రతి ముందు పెట్టుకొని సరిచూసుకోగలడు. పలువురు పాఠకులు వేర్వేరు పరిష్కారాలు చెబుతూ ఒకే చోటును చూపితే, ఆ చోట దోషం ఉన్నదనడానికి అది బలమైన సూచన. పరిష్కారం మాత్రం రచయిత వెతుక్కోవలసినదే.

నాలుగవది, సలహా వల్ల పోయేదేమిటో లెక్కించుకోవడం. భాష మార్చినప్పుడు కథకుడు మారుతున్నాడా, పదం మార్చినప్పుడు వ్యవస్థ మాయమవుతున్నదా అని చూసుకోవాలి. లాభం కంటె నష్టం ఎక్కువైన చోట సలహాను గౌరవంగా పక్కన పెట్టవచ్చు. నష్టం రచయిత అహంకారానికి మాత్రమే అయితే దానిని స్వీకరించడమే మేలు.

9. ముగింపు:

నల్లగొండ, పాలమూరు కథకులు సలహాను ఒక్క గ్రంథం నుంచో, ఒక్క గురువు నుంచో పొందలేదు. సంపాదకుడి బల్ల, ప్రూఫ్ కాగితం, పుస్తకాల మూట, జైలు గది, ఊరి ముచ్చట, సహరచయితల సభ వారికి పాఠశాలలయ్యాయి. ప్రతాపరెడ్డి ఒక తీర్పును సేకరణతో పరీక్షించారు. ఆళ్వారుస్వామి పాఠకుడినీ పాత్రనూ ముఖాముఖి చూశారు. యశోదారెడ్డి పాండిత్యం సంపాదించి, దాని బలంతోనే ఊరి నుడికారాన్ని నిలబెట్టారు. ముగ్గురూ శిక్షణను నిరాకరించినవారు కారు. ఏ శిక్షణ తమ వస్తువుకు సరిపోతుందో తేల్చుకొన్నవారు.

మమ్మటుడు చెప్పిన కావ్యజ్ఞశిక్షకు నేటి కథకుడి అవసరం తీరిపోలేదు. శిల్పగ్రంథాలు, కార్యశాలలు, పురస్కారాల నియమాలు విస్తరించిన ఈ కాలంలో సలహాకు కొరత లేదు, తూకానికే కొరత. ఈ రెండు జిల్లాల పాత పత్రికల్లో ఇంకా సంకలనాలకెక్కని కథలను వెలికితీసి, వాటిని శిల్పబోధనలో ఉదాహరణలుగా వాడడం విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు తక్షణం చేపట్టదగిన పని. అప్పుడు ‘మీ ముందువారిని చదవండి’ అన్న సలహా దేవరకొండలోనో గద్వాలలోనో కథ రాయబోయే విద్యార్థికి పూర్తిగా ఉపయోగపడుతుంది.